డాబా తాళం, శుక్రుడి చుక్క

2012 జూన్ 6న శుక్ర అంతర్యానం, అంటే శుక్రుడు నల్లటి చుక్కలా సూర్యుడి ముందు నుంచి దాటిపోవడం, చూడ్డానికి విశాఖే వెళ్దామని పట్టుబట్టింది నేనే. 1874లో ఖగోళ శాస్త్రవేత్త అంకితం వెంకట నరసింగరావు గారు ఇదే ఊళ్లో వేధశాల నుంచి టెలిస్కోపుతో దీన్ని చూసి సమయాలు రాసిపెట్టారు. అది చెప్పే నాన్ననీ ఒప్పించాను. రైలు ప్రయాణం హాయిగా గడిచింది.

లాడ్జి దగ్గరే మోసపోయాం. రోజుకి 1,100 చొప్పున రెండు రోజులకి 2,200 ముందే కట్టాను. గది కోసం కాదు, డాబా కోసం. "డాబా అంతా మీదే సార్, సముద్రం ఎదురుగా కనిపిస్తుంది" అని మేనేజరు ఫోన్లో రెండుసార్లు చెప్పాడు. తెల్లవారుజామున నాలుగున్నరకి స్టాండు, కెమెరా మోసుకుంటూ నాలుగంతస్తులు ఎక్కితే తలుపుకి తాళం! కింద సోఫాలో పడుకున్న కుర్రాణ్ణి లేపాను. "తాళం ఓనరు గారి దగ్గరుంటుందండీ, తొమ్మిదికొస్తారు" అని మళ్లీ దుప్పటి కప్పుకున్నాడు. మేనేజరు ఫోను ఎత్తలేదు.

ఆటోకి 200 ఇచ్చి ఆర్కే బీచ్ చేరేసరికి ఐదూ నలభై. కైలాసగిరికి కుడివైపు సూర్యుడు అప్పటికే నీళ్ల మీంచి పైకొచ్చేశాడు. నీటి అంచున ఎర్రటి సూర్యుడు, మీద నల్లటి చుక్క: నేను వచ్చింది ఆ ఒక్క ఫొటో కోసం. మళ్లీ 2117 డిసెంబరు దాకా శుక్రుడు సూర్యుడి ముందుకు రాడు. ఆ లాడ్జి మీద కోపం నాకింకా తగ్గలేదు. డాబా చూసి గది తీసుకునేవాళ్లు తాళం ఎవరి దగ్గరుంటుందో ముందే అడగండి, ముందురోజు సాయంత్రమే తీయించి చూడండి.

నాన్న ఆటోలో ఒక్క మాటా మాట్లాడలేదు. ఇసుకలో స్టాండు నిలబెట్టి, 300 ఎంఎం లెన్సుకి ముందువైపు సోలార్ ఫిల్టర్ బిగించాను. ఫిల్టర్ లేకుండా కెమెరాలోంచి చూస్తే కళ్లు పోతాయి, ఇందులో మొహమాటం వద్దు. శుక్రుడు సూర్యుడి వెడల్పులో 32వ వంతే. నా ఫొటోలో అడ్డంగా ఇరవై పిక్సెళ్లు, అంతే. అయినా అంచు గుండ్రంగా, కాటుక చుక్కలా వచ్చింది.

చిన్న టెలిస్కోపుతో తెల్ల అట్ట మీద బింబం పడేశాక నాన్న దగ్గరికొచ్చారు. అట్ట తనే పట్టుకున్నారు. పది దాటాక చుక్క సూర్యుడి అంచుకి చేరింది. మధ్యలో సన్నటి వెలుగు మిగిలుండగానే నల్లటి తీగ సాగి అంచుకి అతుక్కున్నట్టయింది.

"చూడరా, అంటుకుపోయింది!" అన్నారు. పదీ ఇరవై ప్రాంతంలో అంచు మీది నొక్కు పూడిపోయింది. నాన్న అట్ట దించలేదు.