తొమ్మిదేళ్ళ వీణ, 16వ మెట్టు

పనస దుంగ, యాళి ముఖం, ఏడు తీగలు. వీణ కొనాలని చూస్తున్నవారికి ఇవన్నీ తెలిసినవే కనుక వదిలేస్తున్నాను. నా పేచీ అంతా మైనంతోనే.

2016లో, నలభయ్యో ఏట, బొబ్బిలి దగ్గరి గొల్లపల్లిలో చేసిన ఏకాండి వీణ, అంటే ఒకే దుంగలో తొలిచినది, కొన్నాను. మీటితే ఇల్లంతా మోగుతుందని కొత్తలో కనిపించిన ప్రతివారికీ చెప్పేదాన్ని. అప్పటికి మా పద్మారావునగర్ ఫ్లాటులో సామాను చేరలేదు. సోఫా, పరదాలు వచ్చాక ఆ మోత కొంత తగ్గింది.

తీగను నొక్కి స్వరం పట్టే అడ్డపట్టీలే మెట్లు. ఆ 24 మెట్లనూ మైనంలో బొగ్గుపొడి కలిపి కాచిన ముద్ద మీద నిలబెడతారు. ఈ కదలని మెట్ల పద్ధతి తంజావూరును ఏలిన రఘునాథ నాయకుడి నాటిదని, అంటే 17వ శతాబ్దపు తొలినాళ్ళదని చెబుతారు. ఆయన మే నెలలో వీణను కారు వెనకసీటులో ఉంచి, అద్దాలు మూసి, నాగోలులో పెళ్ళి భోజనానికి వెళ్ళి ఉండడు. నేను వెళ్ళాను. 2019లో. రెండు గంటలే.

పైకి ఏమీ తెలియలేదు. మర్నాటి సాధకంలో మోహన వర్ణం చరణానికి వచ్చేసరికి తారస్థాయి గాంధారం, అంటే పై స్థాయి 'గ', శ్రుతి కంటే దిగి పలికింది. తప్పు నాదే అనుకున్నాను. మూడేళ్ళుగా ఏ తప్పు జరిగినా నాదే అయినప్పుడు ఇంకేం అనుకుంటాం? తీగను రవ్వంత లాగి సరిచేసుకున్నాను. అలా పదకొండు రోజులు. తరువాత చిక్కడపల్లిలో పాఠానికి వెళితే టీచరు గారు ప్రధాన తీగ సారణి మీద వేలు పెట్టి, "అమ్మా, ఇది నువ్వు కాదు. 16వ మెట్టు ఒరిగింది" అన్నారు. నవ్వు ఆగలేదు నాకు.

మేళం కట్టే ఆయన, అంటే మెట్లను శ్రుతికి తిరిగి నిలబెట్టే ఆయన, ఊరి నుంచి వచ్చేసరికి జూలై అయింది. ఈలోగా కింది స్థాయిలో, మంద్రస్థాయిలోనే వాయించాను. అది బాగుపడిందని టీచరు గారు అన్నారు. నిజమే కావచ్చు, పై స్థాయి మాత్రం పాడుబడింది. మేళం ఆయన వచ్చింది సరిగ్గా సికింద్రాబాద్ బోనాల ఆదివారం. పాత మైనం గీకి, కొత్తది పోసి, ఒక్కో మెట్టునూ చెవితోనే నిలబెట్టాలి. బయట మైకులు, డప్పులు. లోపల మా కుక్కరు. "అమ్మగారూ, కనీసం ఇదైనా ఆపండి" అన్నారు. అన్నం సగం ఉడికి మిగిలింది. పైస్థాయి మెట్లన్నీ రాత్రి పదకొండు దాటాక, వీధి సద్దుమణిగాక కుదిరాయి.

అసలు దెబ్బ ఆ తరువాత తగిలింది. మెట్టు సరైన చోటికి వచ్చింది గానీ నా వేలు రాలేదు. లాగడం అలవాటైపోయి, ఇప్పుడు గాంధారం ఎక్కి పలకసాగింది. ఈసారి నిందించడానికి మైనం లేదు. ఆ వేలిని మాన్పించడానికి దసరా దాకా పట్టింది. పదకొండు రోజుల అలవాటుకు దాదాపు మూడు నెలలు! ఇప్పటికీ అలసిపోయి వాయిస్తే వేలు పాత దారి పడుతుంది.

మైనం అవసరం లేకుండా మరలతో బిగించే మెట్ల వీణలూ ఉన్నాయి. ఒకటి వాయించి చూశాను. శ్రుతికి వంక పెట్టలేం. ఎందుకో మనసు పోలేదు, బహుశా అప్పటికే దీనికి మూడుసార్లు మేళం కట్టించి ఉండటం వల్లనేమో. ఊళ్ళు తిరిగేవారైతే, ఇల్లు పై అంతస్తులో స్లాబు కిందే ఉంటే, అదే చూడమంటాను. నాలా బ్యాంకు నుంచి వచ్చి ముప్పావు గంట వాయించేవారికి, ఇంట్లో ఒక చల్లని గది ఉంటే, ఇది సరిపోతుంది. మా ఇంట్లో ఆ చల్లని గది ఒక్కటే. ఏప్రిల్ నుంచి జూన్ దాకా పగలంతా అది వీణదే. మధ్యాహ్నం కునుకుకు మా వారు హాల్లో చాప వేసుకుంటున్నారు.