12 ఏళ్ల వాడకం తర్వాత: చెకుముకి రైఫిల్‌కు నేను ఎంచుకున్న మేపుల్ కర్ర

18వ శతాబ్దంలో లాంకాస్టర్ పరిసరాల్లోని జర్మన్ వలస పనివారు రూపుదిద్దిన, చెకుముకి రాయి నిప్పురవ్వతో పేలే పొడవాటి రైఫిల్ వంటిది స్వయంగా చేసుకోవాలని, పెన్సిల్వేనియాలో స్థిరపడిన తొలి రోజుల్లోనే నిశ్చయించుకున్నాను. అందుకోసం ఇంతవరకు రెండు కర్రలు, అంటే తుపాకీ గొట్టాన్నీ యంత్రాన్నీ పట్టి ఉంచే చెక్క భాగాలు, వాడాను. మొదటిది నాలుగేళ్లకే చీలిపోయింది. రెండవది 12 ఏళ్లుగా నా దగ్గరే ఉంది.

మొదటిది పులిచారల వంటి అడ్డచారలు మెరిసే కర్లీ మేపుల్. గొట్టం కూర్చునే గాడిని, మందూ గుండూ దట్టించే గజం (సన్నని కడ్డీ) దూర్చే రంధ్రాన్ని యంత్రంతో ముందే తొలిచి, బయటి ఆకారాన్ని కూడా చాలావరకు చెక్కి అమ్మిన కర్ర అది. ఆ చారల అందానికి ముగ్ధుడనై, భుజానికి ఆనించే మడమకు ముందు చేతితో పట్టుకునే సన్నని మెడలో చెక్క నార ఎటు సాగుతోందో చూడలేదు. కర్ర మొత్తంలో బలహీనమైన చోటు అదే, ఎందుకంటే పక్కన చెకుముకి యంత్రానికి, పైన గొట్టం తోకకు, కింద ట్రిగ్గర్‌కు తొలిచాక అక్కడ మిగిలే చెక్క చాలా తక్కువ. మడమ కిందికి వంగుతుంది కాబట్టి నార కూడా ఆ వంపుతోపాటే సాగాలి. నాగలికి సహజంగా వంపు తిరిగిన కొమ్మనే వెతికే మన పల్లెల వడ్రంగులకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. నా కర్రలో మాత్రం నార మెడకు అడ్డంగా ఏటవాలుగా తెగిపోయి ఉంది. ఒక జనవరి ఉదయం మంచులో జారి, ఖాళీ తుపాకీ మీద బరువు మోపి పడ్డప్పుడు, మెడ సరిగ్గా ఆ వాలు వెంటే చీలింది.

రెండవసారి రెండున్నర అంగుళాల మందమున్న దిమ్మెను కొన్నాను. నమూనా అట్టను దానిమీద అటూ ఇటూ జరుపుతూ, మెడ గుండా నార తెగకుండా పోయే చోటు దొరికాకే గీత గీశాను. ఇది షుగర్ మేపుల్; చారలు పలుచగా, మడమ వైపు మాత్రమే ఉన్నాయి. చెక్క ఎంత గట్టిదో చెప్పే జాంకా కొలతలో దీని గట్టిదనం సుమారు 1450 కాగా, రెడ్ మేపుల్‌ది 950, అమెరికా నల్ల వాల్‌నట్‌ది 1010. జర్మనీ నుంచి వచ్చిన పొట్టి యేగర్ రైఫిళ్లకు వాల్‌నట్ కర్రే ఎక్కువగా ఉండేది. వాల్‌నట్ ఉలికి సులువుగా లొంగుతుంది. అయినా 42 అంగుళాల గొట్టం కింద చివరిదాకా సాగే పలుచని ముందు భాగానికి గట్టి మేపుల్ సరిపోయినంతగా అది సరిపోదని నా అభిప్రాయం.

ఈ గట్టిదనానికి మూల్యం శ్రమే. చారలున్న చోట చిత్రిక పడితే నార పెచ్చులుగా లేస్తుంది. చివరికి పదునైన గీకుడు రేకుతోనే నునుపు చేయాల్సి వచ్చింది. గజం రంధ్రం తొలిచేటప్పుడు డ్రిల్ కొద్దిగా పక్కకు పోయి, ఒకచోట గోడ నేను కోరుకున్నదానికంటే పలుచనైంది. ఈ పనిలో ముందే తొలిచిన కర్రే మేలని ఒప్పుకోక తప్పదు.

రంగుకు పాత పద్ధతినే అనుసరించాను: ఇనుము కరిగించిన నత్రికామ్లాన్ని గాలి బాగా ఆడే చోట పూసి, వేడి చూపి, ఎరుపు కలిసిన గోధుమ వన్నె తేలాక మిగిలిన ఆమ్లాన్ని వంటసోడా నీళ్లతో పోగొట్టాను. ఆపైన అవిసె నూనె పూతలు పట్టించాను, ఏటా ఒకసారి మళ్లీ పట్టిస్తున్నాను.

క్రిస్మస్ తర్వాత ఇక్కడ వచ్చే చెకుముకి తుపాకుల వేట కాలంలో మంచు, వాన రెండూ తగిలాయి. చలికాలంలో ఇంట్లో హీటర్ల వేడికి చెక్క కొద్దిగా కుంచించుకుపోయి, చెకుముకి యంత్రం గూడులో బిగుస్తుంది. వేసవిలో మళ్లీ సడలుతుంది. గొట్టాన్ని పట్టి ఉంచే మేకుల రంధ్రాలను పొడవుగా సాగదీసి ఉంచడం వల్ల ఆ కదలికకు ముందు భాగం ఎక్కడా పగలలేదు. చెమ్మగిల్లిన గుడ్డతో తుడిచి, మెడను భూతద్దంతో వెతికినా ఈనాటికీ వెంట్రుకవాసి చీలిక కూడా కనబడలేదు.