బరంపురం, పర్లాకిమిడి వైపు తెలుగువాళ్లకి జాగ్రత్త: "హెచ్‌డీ డిస్క్ రికార్డర్" పేరుతో అమ్ముతున్న మెషీన్లు కొనకండి

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు ఉన్న మనవాళ్లకి ముందు అసలు సంగతి చెప్పేస్తాను. సెట్‌టాప్ బాక్సులో వచ్చే హెచ్‌డీ ఛానెళ్లని ఇంట్లోనే బ్లూరే డిస్కులోకి (చూడ్డానికి డీవీడీలాగే ఉండి, హెచ్‌డీ బొమ్మ పట్టే డిస్కు) ఉన్నదున్నట్టు ఎక్కిస్తుందని ఎవరైనా మెషీన్ చూపిస్తే కొనకండి. అడ్వాన్సు కూడా ఇవ్వకండి. బరంపురంలో ఒక ఎలక్ట్రానిక్స్ షాపువాళ్లు ఇదే మాట చెప్పి మా పెదనాన్నగారి దగ్గర 18,500 రూపాయలు తీసుకున్నారు. ఇంటికొచ్చింది జపాన్‌లో ఎవరో వాడి వదిలేసిన పాత మెషీన్. దాంతో మన డీటీహెచ్ నుంచి హెచ్‌డీ రికార్డింగ్ కాదు, ఏం చేసినా కాదు.

పెదనాన్నగారు రిటైరైన తెలుగు మాస్టారు. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి ఇటువైపు వచ్చింది. మహేంద్రతనయ దాటితే పాతపట్నం, అది ఆంధ్ర. మా ఇళ్లలో తెలుగు మాట్లాడతాం గానీ పిల్లల చదువంతా ఒడియా, ఇంగ్లీషుల్లోనే. అందుకని ఆయన దూరదర్శన్ రోజుల నుంచీ పద్యనాటకాలు, హరికథలు, కచేరీలు వీసీఆర్‌లో రికార్డు చేసి దాచేవారు. సెలవులకి మనవలు వస్తే కూర్చోబెట్టి చూపిస్తారు, పద్యం ఎక్కడ ఎత్తుకుంటున్నారో, ఎక్కడ ఆపుతున్నారో ఆపి ఆపి చెప్తారు. బీరువా నిండా క్యాసెట్లు, తర్వాత కాలంలో డీవీడీలు. ఇప్పుడు అవే కార్యక్రమాలు హెచ్‌డీలో వస్తున్నాయి, అవి అలాగే దాచుకోవాలని ఆయన కోరిక. అందులో అత్యాశ ఏముంది? షాపువాడు సరిగ్గా ఆ కోరిక మీదే బేరం పెట్టాడు.

వాళ్లు అమ్మిన పద్ధతి చెప్తాను, మీకు పనికొస్తుంది. "ఆజ్ఞా మాస్టారూ, ఏ ఛానెల్ అయినా సరే, ఎర్ర బటన్ నొక్కితే డిస్కులోకి వెళ్లిపోతుంది" అన్నారట. తర్వాత ఒక డిస్కు పెట్టి పెద్ద టీవీ మీద పాటల కచేరీ చూపించారు. బొమ్మ అద్దంలా ఉందని పెదనాన్న ముచ్చటపడ్డారు. కానీ అది రికార్డు చేసిన డిస్కు కాదు, కంపెనీ అచ్చు వేసి అమ్మిన డిస్కు. బ్లూరే మెషీన్‌లో బ్లూరే డిస్కు బాగా కనపడటంలో వింతేముంది? చూపించింది ప్లే చెయ్యడం, డబ్బు తీసుకున్నది రికార్డింగుకి. కాబట్టి ఎవరైనా డెమో ఇస్తామంటే, మీ కళ్ల ముందు మీ ఛానెల్‌ని రికార్డు చేసి ఆ డిస్కునే వేసి చూపించమనండి. కొనేది లేకపోయినా ఆ ఒక్క మాట అడగండి, వాళ్ల మొహం మారిపోతుంది.

నేను వెళ్లి మెషీన్ తిప్పి వెనక లేబుల్ చదివాను. 100 వోల్టులు అని ఉంది. మన ఇళ్లలో కరెంటు 230 వోల్టులు. అందుకే షాపువాళ్లు బరువుగా ఉన్న ఒక స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కూడా ఇచ్చారు, "వోల్టేజి హెచ్చుతగ్గుల నుంచి కాపాడటానికి" అని చెప్పి. అది కాసేపటికే చెయ్యి పెట్టలేనంత వేడెక్కి గుంయ్యిమంటోంది. ఎవరైనా పొరపాటున మెషీన్ ప్లగ్గు నేరుగా గోడలో పెడితే మాడిపోవాల్సిందే. రిమోట్ మీద అక్షరాలన్నీ జపాన్ భాషలోవి. మెనూ కూడా అంతే, పెదనాన్న ఏ బటన్ దేనికో ఒక కాగితం మీద బొమ్మలు గీసి పెట్టుకున్నారు. అది చూసి నాకు కడుపు తరుక్కుపోయింది.

ముందు వైపు చిన్న తలుపు తీస్తే కార్డు పెట్టే సందు ఉంది. మీ డీటీహెచ్ కార్డు ఇందులో పెట్టుకోవచ్చని షాపు కుర్రాడు చెప్పాడట. కార్డు అందులో పడుతుంది, నిజమే, సైజు ఒకటే. కానీ ఆ సందు జపాన్ ప్రసారాలకి వాడే బీ-క్యాస్ కార్డు కోసం పెట్టింది. లోపల ఉన్న ట్యూనర్, అంటే సిగ్నల్ పట్టే భాగం, కూడా జపాన్ పద్ధతిదే, ఐఎస్‌డీబీ అంటారు. మన డీటీహెచ్ డీవీబీ పద్ధతిలో వస్తుంది. ఆ ట్యూనర్‌కి మన సిగ్నల్ అర్థం కాదు, మన కార్డుతో దానికి పనే లేదు. కార్డు తీసేసిన పాపానికి ఇక్కడ సెట్‌టాప్ బాక్సు మాత్రం ఎర్రర్ చూపించింది.

మరి రికార్డింగ్ ఎలా చేశారు? వెనక ఉన్న పసుపు, ఎరుపు, తెలుపు పిన్నుల్లో పాత ఏవీ వైరు గుచ్చారు. హెచ్‌డీ బొమ్మ వెళ్లే హెచ్‌డీఎంఐ సాకెట్ ఉంది గానీ అది బయటికి పంపడానికే, లోపలికి తీసుకోదు. ఏవీ వైరులో హెచ్‌డీ రాదు. మన పాత టీవీ సిగ్నల్ పద్ధతి పేరు పాల్ (PAL), అందులో బొమ్మకి నిలువున 576 గీతలు. జపాన్ పాత పద్ధతి ఎన్‌టీఎస్‌సీలో 480. పాల్ బొమ్మని ఈ మెషీన్ పట్టుకోలేక నలుపు తెలుపులో పైకి దొర్లించడం మొదలుపెట్టింది. కుర్రాడు సెట్‌టాప్ బాక్సు మెనూలోకి వెళ్లి ఎన్‌టీఎస్‌సీకి మార్చి "ఇప్పుడు సెట్ అయింది" అని వెళ్లిపోయాడు. రంగులైతే వచ్చాయి. కానీ హెచ్‌డీ అంటే 1920 చుక్కలు అడ్డం, 1080 నిలువు. డిస్కులోకి ఎక్కింది 720 అడ్డం, 480 నిలువు. లెక్క వేస్తే ఆరో వంతు. 25 జీబీ డిస్కులో పాత డీవీడీ కన్నా తక్కువ బొమ్మ. మనుషులు సన్నగా సాగిపోయి కనపడుతున్నారు, కింద పరిగెత్తే అక్షరాలు చదవడానికి రావు. హెచ్‌డీ ప్యాకుకి నెలనెలా కట్టే డబ్బు వేరే!

డిస్కు ఏ దేశాల మెషీన్లలో ఆడాలో కంపెనీలు రీజియన్ అని ఒక గుర్తు పెడతాయి. ఆ మెషీన్‌లో మన దగ్గర 5 నంబరు రీజియన్‌తో వచ్చిన డీవీడీ కూడా ఆడలేదు. జపాన్ డీవీడీ రీజియన్ 2, బ్లూరేకి వాళ్లది ఏ, మనది సీ. షాపులో చూపించిన కచేరీ డిస్కుని ఎందుకు ఏరి పెట్టారో అప్పుడు తెలిసింది.

హెచ్‌డీఎంఐ లోపలికి తీసుకుని రికార్డు చేసే క్యాప్చర్ బాక్సు కొంటే సరిపోదా అని మీకు అనిపించవచ్చు. అక్కడ ఇంకో తాళం ఉంది. సెట్‌టాప్ బాక్సు నుంచి టీవీకి వెళ్లే హెచ్‌డీఎంఐలో హెచ్‌డీసీపీ అనే రక్షణ ఉంటుంది. అవతల ఉన్నది టీవీయా, రికార్డు చేసే పరికరమా అని బాక్సు ముందు విచారించుకుంటుంది. అనుమతి లేని పరికరమైతే నల్ల తెర వస్తుంది, లేకపోతే ఎర్రర్ మెసేజ్ వస్తుంది. ఈ తాళం తీసేస్తుందని ఒక స్ప్లిటర్ (సిగ్నల్‌ని రెండుగా పంచే చిన్న పెట్టె) కూడా అంటగడతామన్నారు, ఇంకో 2,500. హక్కుల ఉల్లంఘన కోసం ఇలాంటి రక్షణని ఛేదించడం 2012లో కాపీరైట్ చట్టంలో చేర్చిన 65ఏ సెక్షన్ కింద నేరం. పద్యనాటకం చూసుకునే పెద్దాయనకి ఈ టెన్షన్ అంటగట్టడానికి షాపువాళ్లకి మనసెలా ఒప్పింది?

జపాన్‌లో ఈ మెషీన్లు బాగానే నడిచాయి, ఆ మాట ఒప్పుకోవాలి. 2003 ఏప్రిల్‌లో సోనీ అక్కడ మొదటి బ్లూరే రికార్డర్ అమ్మింది. అక్కడ టీవీ సిగ్నల్, కార్డు, రికార్డర్ మూడూ ఒకే ఏర్పాటులో భాగం. 2008 నుంచి ఒక కార్యక్రమాన్ని హార్డ్‌డిస్కు నుంచి తొమ్మిది కాపీలు తీసుకుని పదోసారి తరలించుకోవచ్చని నిబంధన కూడా ఉంది. మన దగ్గర ఛానెల్ తాళం తెరిచే పని ఆ డీటీహెచ్ కంపెనీ బాక్సు దగ్గరే ఆగిపోతుంది. బాక్సుకే హార్డ్‌డిస్కో పెన్‌డ్రైవో తగిలించి రికార్డు చేసుకునే సౌకర్యం కొన్నింటిలో ఉంది, అది నిజంగా హెచ్‌డీయే. కానీ ఆ ఫైలు ఎన్‌క్రిప్ట్ అయి, అంటే తాళం పడి ఉంటుంది, ఆ బాక్సులోనే ఆడుతుంది. బాక్సు పాడైతే రికార్డింగులూ పోయినట్టే. కొనేముందు ఇది కూడా తెలుసుకోండి.

అసలు డిస్కు భవిష్యత్తే చూడండి. పానాసోనిక్ ఖాళీ బ్లూరే డిస్కుల తయారీ 2023 ఫిబ్రవరిలో ఆపేసింది. సోనీ 2025 ఫిబ్రవరిలో ఆపేసింది. మన దేశంలో డిస్కులంటే గుర్తొచ్చే మోసర్ బేర్ కంపెనీ 2018లోనే లిక్విడేషన్‌కి, అంటే ఆస్తులమ్మి మూసెయ్యడానికి వెళ్లింది. ఇప్పుడు ఖాళీ డిస్కులు తయారు చేసేవాళ్లు ప్రపంచంలో కొద్దిమందే, రోజురోజుకీ తగ్గుతున్నారు. వీసీఆర్ సంగతి చూశాం కదా, చివరి తయారీదారు ఫునాయ్ 2016 జులైలో ఆపేసింది. ఇప్పుడు పెదనాన్న వీసీఆర్‌కి హెడ్ అరిగితే కొత్తది దొరకదు. డిస్కు మెషీన్ లెన్సుకీ రేపు అదే గతి. కాబట్టి కొత్తగా రికార్డర్ మీద వేలు తగలేసే కాలం కాదు ఇది.

"హెచ్‌డీ డీవీడీ" అని అట్టపెట్టె మీద రాసి ఉంటే అసలు ముట్టుకోకండి. ఆ పేరుతో ఉన్న పద్ధతిని తోషిబా 2008 ఫిబ్రవరిలోనే వదిలేసింది. "హెచ్‌డీ అప్‌స్కేలింగ్" అంటే కూడా హెచ్‌డీ రికార్డింగ్ కాదు, తక్కువ బొమ్మని సాగదీసి చూపించడమే.

మరి ఏం చెయ్యాలి? మా ఇంట్లో ఇప్పుడు చేస్తున్నది చెప్తాను. డీడీ ఫ్రీ డిష్‌లో తాళం లేకుండా వచ్చే ఛానెళ్లున్నాయి, డీడీ సప్తగిరి, యాదగిరి అందులో వస్తాయి. రికార్డింగ్ ఉన్న బాక్సుకి పెన్‌డ్రైవ్ పెడితే ఫైలు మామూలు కంప్యూటర్లో కూడా తెరుచుకుంటుంది. పెన్‌డ్రైవ్ ఎఫ్ఏటీ32 అనే ఫార్మాట్‌లో ఉంటే ఒక ఫైలు 4 జీబీ దాటదు, నాటకం మధ్యలో ముక్కలవ్వచ్చు. అది ముందే చూసుకోండి. ప్రైవేటు ఛానెల్‌లో వచ్చినది కావాలంటే చాలావరకు వాళ్లే యాప్‌లోనో యూట్యూబ్‌లోనో పెడుతున్నారు, అక్కడే చూపించడం మేలు. మన సొంత వీడియోలకి, అంటే పెళ్లి, అరంగేట్రం, ఊళ్లో వేసిన నాటకం, డిస్కు ఇప్పటికీ పనికొస్తుంది. కంప్యూటరుకి యూఎస్‌బీ బ్లూరే రైటర్ తగిలించి రాసుకోవచ్చు, దానికి జపాన్ మెషీన్ అక్కర్లేదు. కాకపోతే అదొక్కటే నమ్ముకోకుండా హార్డ్‌డిస్కులో ఇంకో కాపీ ఉంచండి. మన వైపు వానాకాలం తేమకి డిస్కులు కూడా పాడవుతాయి. ఒకదాని మీద ఒకటి దొంతర పెట్టకుండా విడివిడి కేసుల్లో నిలబెట్టి, ఎండ తగలని చోట పెట్టండి.

ముఖ్యంగా, ఇంట్లో వీహెచ్ఎస్ క్యాసెట్లు ఉంటే వీసీఆర్ నడుస్తుండగానే కంప్యూటర్లోకి ఎక్కించెయ్యండి. ఏవీ వైరు పని అదే, అక్కడ హెచ్‌డీ ప్రశ్నే లేదు. పెదనాన్న బీరువాలో కొన్ని క్యాసెట్ల టేపు మీద తెల్లగా బూజు వచ్చింది. ఆ నాటకాలు ఆడినవాళ్లలో చాలామంది ఇప్పుడు లేరు. 18,500 ఈ పనికి పెట్టి ఉంటే ఎన్ని మిగిలేవో అనుకుంటే బాధగా ఉంది.

మెషీన్ వెనక్కి తీసుకునేది లేదని షాపువాళ్లు చెప్పేశారు. బిల్లు మీద "ఎలక్ట్రానిక్ ఐటమ్" అని తప్ప మోడల్ నంబరు లేదు, సెకండ్ హ్యాండ్ అని రాయలేదు, జీఎస్‌టీ నంబరు లేదు. డబ్బు యూపీఐలో కట్టారు కాబట్టి ఆ రుజువు ఉంది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడారు, ఫిర్యాదు నమోదైంది. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాం. 2019 చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోనే కేసు వేసుకోవచ్చు, పర్లాకిమిడి నుంచి బరంపురం తిరగక్కర్లేదు. 5 లక్షల లోపు కొనుగోలుకి ఫీజు లేదు. గడువు రెండేళ్లు.

మీ ఇంట్లో ఇలాంటి మెషీన్ ఇప్పటికే ఉంటే ప్లగ్గు పెట్టేముందు వెనక లేబుల్ మీద వోల్టేజి చూడండి. 100 అని ఉంటే ఫోటో తీసి బిల్లుతో పాటు భద్రం చేసి ఫిర్యాదు పెట్టండి. ఫిర్యాదు రాయడంలో సాయం కావాలంటే ఇక్కడ కామెంట్‌లో చెప్పండి, తెలుగులో గానీ ఒడియాలో గానీ రాసి పెడతాను.