పదకొండేళ్ళుగా నా దగ్గరున్న సెకండ్ హ్యాండ్ రైఫిల్: బారెల్ నిలబెట్టింది, చెక్క ముంచింది

ఈ రైఫిల్‌ని నేను కొన్నది చెక్క చూసి, అంటే బారెల్‌ని మోస్తూ భుజానికి ఆనే స్టాక్ చూసి. ఒప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది. వాల్‌నట్ చెక్క, ఎన్నేళ్ళుగానో చేతులు తగిలి తగిలి నునుపుదేలిన మెడ, మడమ దగ్గర పొగ సుడి తిరిగినట్టు నల్లటి చారలు. అమ్మే ఆయన గుడ్డలోంచి బయటికి తీయగానే నా మనసులో సగం బేరం అయిపోయింది. మిగతా సగం బారెల్‌లోంచి వెలుతురు కేసి చూసి తేల్చేశాను. లోపల తుప్పుందేమో, తూటాని తిప్పే గాడులు అరిగిపోయాయేమో అని టెన్షన్ అంతా బారెల్ గురించే. చెక్క మీద మాత్రం రవ్వంత అనుమానం కూడా రాలేదు. పదకొండేళ్ళ తర్వాత ఇది రాస్తున్నది ఆ చెక్క మీద కోపంతోనే.

తుపాకీ వివరాలు ఎక్కువ అక్కర్లేదు. .30-06 అనే సైజు తూటా, 1898 నాటి మౌజర్ పద్ధతి బోల్ట్ (తూటాని లోపలికి తోసి మూయడానికి చేత్తో నడిపే కడ్డీ), నా కన్నా వయసులో పెద్దది. ఏడాదికి ముప్ఫై నలభై తూటాలు కాలుస్తాను, అందులో చాలా వరకు కాగితం మీదే. అనుమతి ఉన్న సీజన్లో వేటకి వెళ్ళేది నాలుగైదు రోజులు.

కొనేముందు చేసినవాటిలో కొన్నింటికి మాత్రం నన్ను నేను మెచ్చుకుంటాను. లోపల తూటా లేదని రెండుసార్లు చూసుకుని బోల్ట్ బయటికి తీశాను. దాని మీది నంబరూ రిసీవర్ (బోల్ట్ నడిచే ఇనుప భాగం) మీది నంబరూ ఒకటేనా అని చూశాను. ఒకటే. ఖాళీ తుపాకీని కాక్ చేసి (కాల్చడానికి సిద్ధంగా పెట్టి), సేఫ్టీ వేసి, ట్రిగ్గర్ గట్టిగా నొక్కి వదిలేసి, అప్పుడు సేఫ్టీ తీశాను. ఆ క్షణంలో టక్కుమని లోపలి సూది పడిందంటే ఆ తుపాకీ ముట్టుకోకూడదు. పడలేదు. మొదటి తూటా కాల్చకముందే తుపాకులు బాగుచేసే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళి హెడ్‌స్పేస్ గేజ్‌లు, అంటే మూసిన బోల్ట్ ముందు తూటాకి ఉన్న చోటు సరిపోయిందో లేదో చూసే కొలత ముక్కలు, పెట్టించాను. గో గేజ్ మీద బోల్ట్ మూసుకుంది, నో-గో మీద మూసుకోలేదు. అలాగే ఉండాలి. ఈ పాటి పరీక్షకి ఒప్పుకోని మనిషి దగ్గర ఎంత చవగ్గా వచ్చినా వద్దు, నమస్కారం పెట్టి వచ్చేయండి.

బారెల్ సంగతి చెప్పేస్తాను, ఎందుకంటే భయపడ్డదీ అక్కడే, సంతోషించిందీ అక్కడే. మొదటి రోజు 100 మీటర్ల దూరంలో కాగితం పెట్టి కాలిస్తే మూడు తూటాలు నా అరచేయంత మేర చెదిరాయి. ఇక అయిపోయింది, మోసపోయాను అనుకున్నాను. ఇంటికొచ్చి అమోనియా కలిసిన క్లీనర్‌తో తుడిస్తే గుడ్డముక్క నీలంగా వచ్చింది. మామూలు నీలం కాదు, ఇంకు సీసాలో ముంచినట్టు. అదంతా బుల్లెట్ల పైతొడుగు నుంచి అంటుకుని ఏళ్ళ తరబడి పేరుకున్న రాగి. ఒక్క జాగ్రత్త: నైలాన్ బ్రష్ వాడాలి. కంచు బ్రష్ వాడితే బ్రష్‌లోని రాగే నీలం రంగు చూపించి, ఎప్పటికీ శుభ్రం కాలేదన్న భ్రమ కలిగిస్తుంది. నేను మొదటి రెండు సాయంత్రాలు అలాగే వృథా చేసుకున్నాను. బ్రష్ మార్చాక మరో రెండు సాయంత్రాలకి గుడ్డ తెల్లగా వచ్చింది. తర్వాతి వారం అవే తూటాలు, అదే దూరం, మూడు దెబ్బలూ 3 సెంటీమీటర్లలో పడ్డాయి.

అప్పట్లో ఇది ఎంతమందికి చెప్పానో. ఇప్పుడు కాస్త సరిచేసుకుంటాను: అది మూడు దెబ్బల లెక్క, అదీ చల్లటి బారెల్‌తో. వరసగా ఐదు కాలిస్తే ఆ 3 కాస్తా 5 అవుతుంది. వేటలో లెక్కకొచ్చేది మొదటి దెబ్బే కాబట్టి నాకది లోటుగా అనిపించలేదు, కానీ ఆ కాగితం జేబులో పెట్టుకుని తిరిగినన్నాళ్ళు ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు కూడా.

ఇంకో మాట. వేట తుపాకీని మోసినంత సేపు కాల్చరు. అందుకని కాల్చి కాల్చి అరిగిన బారెల్ కన్నా, తుడవక తుప్పు పట్టినదో, మూతి వైపు నుంచి కడ్డీ దూర్చి తుడిచి అంచు చెడగొట్టినదో ఎక్కువ తగులుతుంది. బారెల్ మూతి అంచు చుట్టూ దూది మెల్లగా తిప్పితే చాలు. ఎక్కడైనా పోగు పట్టుకుని లాగిందంటే అక్కడ గరుకుందన్నమాట.

ఇక అసలు కథ. మూడో ఏడు. ఎండాకాలంలో గురి సరిచేసి, పెట్టెలో పెట్టేశాను. సీజన్ మొదలయ్యే వారం వాన ఒక్కపూట వదల్లేదు. మేమున్న గుడిసెలో గోడలు కూడా చెమ్మగా ఉన్నాయి. తుపాకీ నాతోపాటే మూల నిలబడి ఉంది. నాలుగో రోజు తెల్లవారుజామున వాన కాస్త తెరిపి ఇచ్చింది. 150 మీటర్ల దూరంలో, వాగు కట్ట ముందు అడవిపంది, సరిగ్గా నాకేసి తిరిగి నిలబడింది. నిజానికి ఎదురుగా ఉన్న జంతువుని కాల్చకూడదు, పక్కకి తిరిగే దాకా ఆగాలి. ఆగలేదు. దుంగ మీద ఆనించి, ఊపిరి బిగబట్టి, నొక్కాను. నా వైపు నుంచి చూస్తే దానికి కుడిపక్కన బురద ఎగిరింది. పంది ఒక్క గెంతు గెంతి పొదల్లోకి మాయమైంది.

గాయపడి పోయిందేమోనని నేనూ నా స్నేహితుడూ రెండు గంటలు వెతికాం. ఒక్క నెత్తురు చుక్క లేదు. కట్టలో తూటా దిగిన గుంత దొరికింది, గురిపెట్టిన చోటికి జానెడు కుడికి. బతికిపోయింది అనుకున్నాను. దాని గురించా నా గురించా అంటే చెప్పలేను. సగం చచ్చిన జంతువుని వానలో వదిలేసి రావడం నేను చూశాను, మళ్ళీ చూడాలని లేదు.

అక్కడి నుంచి నా వెర్రి మొదలైంది. ముందు నా వేలిని అనుమానించాను, ట్రిగ్గర్ కుదిపేశానని. తర్వాత స్కోప్ మరలు. బిగుతుగానే ఉన్నాయి. తర్వాత తూటాల పెట్టె మార్చాను. చివరికి స్కోప్ లోపలే ఏదో కదిలిందని తీర్మానించి, ఉన్నది అమ్మేసి కొత్తది కొన్నాను. అమ్మింది మంచి స్కోప్. ఈ పదకొండేళ్ళలో దీని మీద పెట్టిన ఖర్చుల్లో ఏడుపొచ్చే ఖర్చు అదొక్కటే. కొత్త స్కోప్ పెట్టేసరికి వానలు పోయాయి, తుపాకీ బుద్ధిగా గురిపెట్టిన చోటే కొట్టింది. చూశారా, స్కోపే దోషి అని అందరికీ చెప్పాను. మళ్ళీ వానలొచ్చాయి. మళ్ళీ 100 మీటర్లలో 12 సెంటీమీటర్లు కుడికి.

ఈసారి పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. నేను స్కోప్ గురించి పది నిమిషాలు చెప్పాను. ఆయన విని, "వానల్లోనేనా బాబూ ఇలా అయ్యేది?" అని ఒక్కటే అడిగారు. అవునన్నాను. బల్ల మీదున్న కాగితంలోంచి ఒక పట్టీ చింపి, బారెల్ కిందుగా పెట్టి, బారెల్‌కీ చెక్కకీ మధ్య లాగుతూ వెనక్కి తీసుకెళ్ళారు. సాఫీగా వెళ్ళాల్సిన కాగితం సగం దారిలో ఆగిపోయింది. ఎడమవైపు.

"ఇదిగో, నీ స్కోప్ ఇక్కడుంది," అన్నారు.

మరలు విప్పి బారెల్ బయటికి ఎత్తాక చూశాను. పైన ఎన్ని పూతలు నూనె తాగిందో ఆ చెక్క, అద్దంలా ఉంటుంది. లోపల, బారెల్ కూర్చునే గాడిలో, ఒక్క పూత లేదు. నిన్ననే చిత్రిక పట్టినట్టు పాలిపోయిన పచ్చి చెక్క. ఎడమ గోడ మీద వేలెడు పొడవున నల్లగా నిగనిగలాడే ఒరిపిడి మరక. పైన పటారం, లోన లొటారం అంటారే, అదే. గాలిలో చెమ్మ పెరిగితే చెక్క పొడవునా పెద్దగా పెరగదు, అడ్డంగా ఉబ్బుతుంది. బయట నూనె కాపాడుతోంది, లోపలి వైపు నీళ్ళు తాగుతోంది. ఉబ్బిన గోడ బారెల్‌ని ఎడమ నుంచి కుడికి నెడుతోంది. ఎండ రాగానే ఏమీ ఎరగనట్టు వెనక్కి తగ్గుతోంది. రెండేళ్ళు నేను మెచ్చుకున్నది ఇదే మరి: బారెల్‌కీ చెక్కకీ మధ్య వెంట్రుక దూరనంత బిగువైన పనితనం! ఆ బిగువే నా పంది బతకడానికి కారణం.

అంతటితో ఆగలేదు. రిసీవర్ తోక (దాని వెనక కొస) వెనక, నేను చెక్క చార అనుకుని ముచ్చటపడ్డ సన్నటి గీత చార కాదు, చీలిక. తోకకీ చెక్కకీ మధ్య సందు లేకపోతే కాల్చిన ప్రతిసారీ వెనక్కి వచ్చే దెబ్బ అక్కడ మేకులా దిగుతుందట. ఆ చుట్టుపక్కల చెక్క నల్లబడి, గోరు దిగేంత మెత్తగా ఉంది. వెనకటి యజమాని ధారాళంగా నూనె పోసి, మూతి పైకి పెట్టి నిలబెట్టి దాచాడు కాబోలు, ఏళ్ళ తరబడి ఆ నూనె అంతా అక్కడికే దిగింది. ఇవి రెండూ కొన్న రోజే కనిపించేవి, రెండు మరలు విప్పమని అడిగి ఉంటే.

గుండ్రటి కర్రకి ఉప్పుకాగితం చుట్టి గాడిని నేనే అరగదీశాను, ఇప్పుడు కాగితం నాలుగు మడతలు పెట్టినా జారుతుంది. లోపల పల్చటి వార్నిష్ మూడు పూతలు. చీలికని ఎపాక్సీతో అతికించడం, తోక వెనక సందు తీయడం, రీకాయిల్ లగ్ (వెనక్కి వచ్చే దెబ్బని చెక్కకి ఆనించే ఇనుప పన్ను) చుట్టూ ఎపాక్సీ బెడ్డింగ్ (కదలకుండా కూర్చోబెట్టే గట్టి పరుపు) వేయడం పెద్దాయన చేశారు. అది నా చేతికి వదలాల్సిన పని కాదు. ఆ తర్వాత వానల్లో తేడా 2 సెంటీమీటర్లకి మించలేదు. పూర్తిగా పోయిందని మాత్రం చెప్పను. సీజన్ ముందు రోజు అక్కడి గాలిలోనే రెండు తూటాలు కాల్చి చూసుకోవడం అలవాటైంది. ఇక అందం అంటారా, బారెల్ పక్కన ఇప్పుడు కనిపించే సందు చూస్తే ఎవరికైనా వడ్రంగి తప్పులాగే ఉంటుంది.

బోల్ట్ గురించి ఒక్క ముక్క చెప్పకపోతే అన్యాయం. పొడుగాటి ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం (తూటాని బయటికి లాగేది), మ్యాగజైన్‌లోంచి తూటా లేస్తూండగానే దాని అంచు పట్టుకుంటుంది. కంగారులో బోల్ట్ సగం తోసి వెనక్కి లాగినా తూటా లోపల ఉండిపోదు, రెండోది వెళ్ళి దాన్ని గుద్దదు. ఇన్నేళ్ళలో ఒక్కసారీ ఇరుక్కోలేదు. అయితే ఆ నున్నటి నడక కొంతవరకు అరుగుదలే. పూర్తిగా వెనక్కి లాగినప్పుడు వదులు పన్నులా ఊగుతుంది. పైగా దీంట్లో ఒంటి తూటాని తిన్నగా చేంబర్‌లో (బారెల్‌లో తూటా కూర్చునే చోట) పడేసి బోల్ట్ మూయకూడదు, కొక్కెం అంచు మీదికి ఎక్కలేక తంటాలు పడుతుంది. తూటా మ్యాగజైన్ దారినే వెళ్ళాలి.

మరి కొనొచ్చా? నాకు దగ్గర్లో గేజ్‌లున్న పెద్దాయన ఉన్నారు, చెక్కపని కొంచెం వచ్చు, కాల్చేది తక్కువ, తిట్టుకుంటూ బాగుచేయడం ఇష్టమే. ఇవన్నీ ఉన్నాయి కాబట్టి నాకు గిట్టింది, అదీ ఆ స్కోప్ ఖర్చు పక్కన పెడితే. ఏడాదికి ఒక్కసారి, అదీ తడి సీజన్లో, పెట్టెలోంచి తీసి నేరుగా వెళ్ళే మనిషైతే ఇలాంటి పాత చెక్క కన్నా ప్లాస్టిక్ స్టాక్ ఉన్న పాత తుపాకీ చూసుకోవడం నయమేమో. అందంగా ఉండదు. ఉబ్బదు కూడా.

పోయిన నెల ఒకాయన దీన్ని కొంటానని వచ్చాడు. అమ్మే ఉద్దేశం పెద్దగా లేకపోయినా ఎంతంటాడో చూద్దామని సరే అన్నాను. ఆయన అడగకుండానే మరలు విప్పి, బారెల్ పక్కన పెట్టి, చెక్క లోపలి గాడి, అతికించిన చీలిక, పాత ఒరిపిడి మరక ఒక్కొక్కటే చూపించడం మొదలుపెట్టాను. ఊ కొడుతున్నాడు కదా అని తలెత్తి చూస్తే, బారెల్ చేతిలోకి తీసుకుని, కిటికీ కేసి పెట్టి, ఒక కన్ను మూసి లోపలికి చూస్తున్నాడు.