మార్కాపురం రాతి పలక: మా ఇంట్లో నాలుగేళ్ల వాడకం

మాది పొదిలి. పెద్దమ్మాయి ఇప్పుడు ఆరో తరగతి, చిన్నోడు నాలుగు. ఇంట్లో పిల్లల్ని చదువుకు కూర్చోబెట్టడానికి ఏం కొంటే బాగుంటుందని అడిగేవాళ్లకు నేను చెప్పేది ఒకటే వస్తువు, రాతి పలక. దీన్ని నాలుగేళ్లు పైగా రోజూ వాడాం కాబట్టి మంచీ చెడ్డా రెండూ చెప్పగలను.

కరోనా సెలవుల తర్వాత 2021 ఆగస్టు 16న మళ్లీ బడులు తెరిచారు. అప్పుడు మా అమ్మాయి రెండో తరగతి. అన్నాళ్లూ ఫోన్లో పాఠాలు వింది, నోట్సు అంతా ముత్యాల్లాంటి అక్షరాలతో నింపింది. పుస్తకం మూసి ఒక్క మాట రాయమంటే మాత్రం పెన్సిల్ కదిలేది కాదు. చూసి రాయడం చేతికి అలవాటైంది గానీ తలకేమీ ఎక్కలేదని అప్పుడు తెలిసింది. ఆ టెన్షన్‌తో నాకు రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు.

దసరా సెలవుల్లో మార్కాపురం చెన్నకేశవస్వామి గుడికి వెళ్లాం. తిరిగొస్తుంటే ఒక కొట్టు ముందు పలకల దొంతర కనిపించింది. ఉమ్మడి ప్రకాశం జిల్లా వాళ్లకు మార్కాపురం అంటే పలకలే గుర్తొస్తాయి. అక్కడి రాయి పొరలు పొరలుగా చీలుతుంది, అందుకే అంత పల్చగా, నున్నగా వస్తుంది. నా చిన్నప్పుడు మా అమ్మ బొగ్గూ దొండాకూ కలిపి పలక రుద్ది ఎండకు పెట్టేది. ఆ వాసన గుర్తొచ్చి చెక్క చట్రం ఉన్నది ఒకటి డెబ్బై రూపాయలకు కొన్నాను, ఒక పెట్టె బలపాలతో సహా.

మొదటి నెల బాగా జరగలేదు. తప్పు నాదే. సాయంత్రం గంటసేపు కూర్చోబెట్టి, తను రాస్తుంటే పక్కనే ఉండి, తప్పు రాగానే వేలు పెట్టి చూపించేదాన్ని. పిల్లకు పలక చూస్తేనే ఏడుపొచ్చేది. ఒకరోజు మా అత్తయ్య, "అమ్మాయ్, నువ్వు కాస్త అవతలికి పో, అది రాసుకుంటుంది" అంది. ఆవిడ చదివింది మూడో తరగతే. ఆవిడ పక్కన కూర్చుని, "ఏం రాశావు తల్లీ, నాకు చెప్పు" అని అడిగితే పిల్ల పాఠం మొత్తం కథలా చెప్పింది. ఆ రోజు నుంచి పద్ధతి మార్చాం.

ఇప్పుడు మా ఇంట్లో జరిగేది ఇదీ. ఆరుంబావుకు మొదలు, ఏడింటికి అత్తయ్య సీరియల్ వచ్చేలోపు అయిపోవాలి. మొదట్లో పావుగంటతో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచాం. వంటింటి గుమ్మం పక్కన చాప, అదే చోటు, మారదు. నా ఫోన్‌తో సహా ఫోన్లన్నీ ఫ్రిజ్ పైన. పాఠంలో ఒక ముక్క చదవాలి, పుస్తకం మూయాలి, గుర్తున్నది పలక మీద రాయాలి. తర్వాత పుస్తకం తెరిచి తన తప్పు తనే వెతుక్కోవాలి. నేను చెప్పను.

ఒకసారి అమ్మాయి "స్వాతంత్రం" అని రాసింది. పుస్తకంతో పోల్చి చూస్తూ చాలాసేపు అలాగే ఉండిపోయింది. ఉన్నట్టుండి "అమ్మా, యవత్తు!" అని కేక పెట్టింది. తడిగుడ్డ మొనను వేలికి చుట్టుకుని ఆ ఒక్క అక్షరమే తుడిచి, "త్ర్యం" అని ఇరికించి రాసింది. పక్క అక్షరాలు చెక్కుచెదరలేదు. ఆ మాట మళ్లీ ఎప్పుడూ తప్పు పోలేదు. రాతి పలకలో నాకు బాగా నచ్చిన గుణం ఇదే. తప్పు ఎంత ఉందో అంతే తుడవొచ్చు, తుడిచాక దాని గుర్తు మిగలదు. నోట్సులో అయితే ఎర్రసిరా గీత ఏడాదంతా కనిపిస్తూనే ఉంటుంది, అందుకని పిల్లలు గుర్తులేనిది రాయడానికి వెనకాడతారు. పలక మీద ఆ భయం లేదు, తెలిసినంత రాసేస్తారు.

చూడకుండా రాయడం వల్లే ఇంత తేడా వచ్చిందా అని నాకూ అనుమానం ఉండేది. అమెరికాలో రోడిగర్, కార్పికె అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ప్రచురించిన ప్రయోగం గురించి చదివాక అది తీరింది. కాలేజీ విద్యార్థుల్లో కొందరితో పాఠం మళ్లీ మళ్లీ చదివించారు, కొందరితో ఒకసారి చదివించి గుర్తున్నది రాయించారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత పెడితే రాసినవాళ్లకే ఎక్కువ గుర్తుంది. ఇది ప్రతి తల్లీ తండ్రీ తెలుసుకోవాల్సిన విషయం. రాత్రి పదిసార్లు చదివి గడగడా అప్పజెప్పిన పిల్ల, వారానికి మర్చిపోతే అది మొద్దుతనం కాదు. అందుకే మరుసటి రోజు పొద్దున జడలు వేసేటప్పుడు నిన్నటి పాఠంలో ఒకటో రెండో అడుగుతాను, ఆదివారం ఆ వారం పాఠాలన్నీ పలక మీదకు మళ్లీ వస్తాయి.

మేం పిలవకుండానే పిల్లలు వచ్చి కూర్చోవడానికి మూడు నెలలు పట్టింది. సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు సాయంత్రమయ్యేసరికి అమ్మాయి "అమ్మా, పలక తెచ్చావా?" అని అడిగింది. నా కళ్లు తడిశాయి.

ఇక ఇబ్బందులు. మొదటి పలక 2022 ఎండాకాలంలో సిమెంటు గచ్చు మీద పడి రెండు ముక్కలైంది, ఏరుతుంటే అంచు నా వేలికి కోసుకుంది. అందుకే పిల్లలు పలక పట్టుకుని పరిగెత్తకూడదు. రెండోది ఇప్పటికీ ఉంది, చట్రం మూలలు వదులైతే మా ఆయన చిన్న మేకులు కొట్టారు. బలపం గీసుకుపోయే చప్పుడుకు కొందరికి ఒళ్లు జలదరిస్తుంది, బలపాన్ని కాస్త తడిపితే తగ్గుతుంది. ఉమ్మితో తుడవనివ్వకండి, ఒక తడిగుడ్డ పలకకే ఉంచి రోజూ ఉతకండి.

చిన్నోడు బలపాలు తినేవాడు. ముద్దుగా వదిలేశాం, అది పొరపాటు. డాక్టరుకు చూపిస్తే రక్తం తక్కువుందని ఐరన్ సిరప్ రాసిచ్చారు, కొన్ని నెలలకు ఆ కోరిక పోయింది. మీ పిల్లలు బలపం, మట్టి తింటుంటే కొట్టకండి, రక్తపరీక్ష చేయించండి.

మా తమ్ముడు బెంగళూరు నుంచి బటన్ నొక్కితే చెరిగిపోయే ఎలక్ట్రానిక్ పలక పంపాడు. పగలదు, దుమ్ముండదు. మా దగ్గరున్న దాంట్లో మాత్రం ఒక్క అక్షరం చెరపడం కుదరదు, నొక్కితే మొత్తం పోతుంది. పైగా చిన్నోడు దాని మీద బొమ్మలు తప్ప ఏమీ వేయలేదు. ప్రయాణాల్లో బాగుంది. రేకు పలకా వాడాం, ఏడాదికే నల్లరంగు లేచిపోయింది.

పలకతో అన్నీ కావు. అమ్మాయి ఐదో తరగతిలో ఉండగా ఒక పరీక్షలో జవాబులన్నీ తెలిసీ టైం చాలక రెండు వదిలేసి వచ్చింది. బలపానికి అలవాటైన చేతికి పెన్నుతో వేగం రాలేదు. ఆ సంగతి నేను ముందే చూసుకోవాల్సింది. అప్పటి నుంచి శని, ఆదివారాలు కాగితం మీదే, గడియారం పెట్టుకుని. పెద్ద భాగహారాలకు, పటాలకు కూడా పలక చాలదు. ఒకటి నుంచి నాలుగో తరగతి దాకా ఎక్కాలు, వత్తులు, చిన్న జవాబులకు దీనికి మించింది నాకు దొరకలేదు. ఆరో తరగతి అమ్మాయి ఇప్పుడు సైన్సు పేర్లకు, హిందీ మాటలకు మాత్రమే తీస్తుంది.

కొనేటప్పుడు పలకను చట్రం దగ్గర పట్టుకుని మధ్యలో వేలి కణుపుతో కొట్టి చూడండి. కంగుమంటే మంచిది, మొద్దుగా పలికితే లోపల పగులున్నట్టే. అంచుల మీద బొటనవేలు నడిపి గరుకుందేమో చూడండి. వీలైతే రెండు కొనండి. ఒకే పలక ఉంటే మా ఇద్దరూ దానికోసం కొట్టుకునేవాళ్లు, ఇంకొకటి వచ్చాక ఒకరు రాసింది ఒకరు దిద్దుకుంటున్నారు.