మైళ్లు మురిగిపోకుండా ఉండాలంటే ఏ ఖాతా మేలు?

తిరుపతిలో మా వీధిలో నాలుగిళ్లకు ఒకరి పిల్లలు అమెరికాలోనో సింగపూర్‌లోనో ఉన్నారు. వాళ్ల దగ్గరికి పోవాలంటే రేణిగుంటలో ఎక్కి హైదరాబాద్ మీదుగా పోతాం, లేదా కారు మాట్లాడుకుని మద్రాసు విమానాశ్రయానికి పోతాం. పోయిన ప్రతిసారీ విమాన సంస్థ దగ్గరున్న మన ఖాతాలో మైళ్లు పడతాయి, అంటే తర్వాత టికెట్‌కు వాడుకునే పాయింట్లు. మూడేళ్లకోసారి కదిలే మాలాంటివాళ్లకు వాటిని కూడబెట్టడం కన్నా కాపాడుకోవడమే కష్టం.

నాకు ఒక ఖాతాలో 18 వేల మైళ్లు అలాగే పోయాయి. ముందే మెయిల్ పంపారట. ఆ మెయిల్ ఐడీ మా అమ్మాయి కాలేజీలో చదివేటప్పుడు తెరిచింది, ఇప్పుడు దాన్ని చూసే దిక్కు లేదు. అప్పటినుంచి ఎన్ని మైళ్లు ఇస్తారన్నది కాదు, గడువు ఎట్లా లెక్కేస్తారన్నదే ముందు చూస్తున్నాను.

సింగపూర్ ఎయిర్‌లైన్స్ వాళ్ల క్రిస్‌ఫ్లయర్ మైళ్లు కొండ మీద లడ్డు లాంటివి. ఎంత జాగ్రత్తగా డబ్బాలో పెట్టినా దాని రోజులు దానివే. పడిన 36 నెలలకు పోతాయి. మధ్యలో మళ్లీ ప్రయాణం చేసినా పాతవాటి గడువు పెరగదు. ఎమిరేట్స్‌దీ మూడేళ్ల లెక్కే, కాకపోతే మన పుట్టినరోజు ఉన్న నెలాఖరు దాకా ఆగుతారు.

బ్రిటిష్ ఎయిర్‌వేస్, ఖతార్ వాళ్లు తమ పాయింట్లను ఏవియోస్ అంటారు. అవి అట్లా కాదు, పెరుగు తోడు లాంటివి. 36 నెలల్లో ఒక్కసారి కాసిన్ని పాయింట్లు వేసినా, వాడినా, మొత్తానికి మళ్లీ 36 నెలలు దొరుకుతాయి. విమానం ఎక్కక్కర్లేదు, క్రెడిట్ కార్డు నుంచి కొన్ని పంపినా సరిపోతుంది. అమెరికన్ ఎయిర్‌లైన్స్‌దీ ఇదే పద్ధతి, గడువు మాత్రం 24 నెలలే.

యునైటెడ్, డెల్టా మైళ్లకైతే గడువే లేదు. మన దగ్గర ఆ విమానాలు ఎక్కడివి అంటారేమో. మద్రాసు నుంచి లుఫ్తాన్సాలో పోయినా టికెట్ మీద మన యునైటెడ్ ఖాతా నంబరు వేయించుకోవచ్చు, రెండూ స్టార్ అలయన్స్ అనే విమాన సంస్థల కూటమిలోవే. మరీ చవక టికెట్లకు మైళ్లు పడకపోవచ్చు, కొనేటప్పుడే చూసుకోవాలి. మూడేళ్లకోసారి పోయేవాళ్లకు నా ఓటు దీనికే, ఆ తర్వాతే ఏవియోస్.

మరి కార్డు పాయింట్లో? వాటిని కార్డులోనే ఉంచడం మేలు, గడువు ఎంతో బ్యాంకును అడిగి పెట్టుకోండి. ఒకసారి విమాన ఖాతాకు పంపితే వెనక్కి రావు. మన తేదీకి మైళ్లతో దొరికే సీటు కనబడ్డాకే పంపాలి, క్రిస్‌ఫ్లయర్‌కైతే మరీను. అట్లాగని ఏళ్లకేళ్లు కార్డులోనే పేర్చిపెట్టకండి, మారకం రేటును బ్యాంకులు ఎప్పుడైనా తగ్గించేస్తాయి. కార్డు రద్దు చేసే ముందు పాయింట్లు వాడేయాలి. గడువు దగ్గరపడిందని మిక్సీకో వోచర్‌కో మార్చుకునేవాళ్లున్నారు. మా బావమరిది అట్లా తెచ్చిన మిక్సీ బాగానే తిరుగుతోంది గానీ, ఆ పాయింట్లకు టికెట్ విలువలో సగం కూడా రాలేదు.

ఖాతాలో పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరంగా, ఇంకోచోట పూర్తిగా ఉంటే మైళ్లు పడక తిప్పలు. అవి పడేదాకా బోర్డింగ్ పాసులు పారేయొద్దు.

ఇప్పుడు మా ఇంట్లో గడువులన్నీ మా ఆవిడే గోడ మీది క్యాలెండర్లో రాస్తుంది, గ్యాస్ బుక్ చేసిన తేదీ పక్కనే. జూలై చివరి గడిలో ‘ఎమిరేట్స్ 9,400’ అని ఉంది. నా పుట్టిన నెల అదే.