వాగు వరద రిపోర్టు, నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర కన్సల్టెన్సీ – 4/5

మిర్యాలగూడ సైడు వాగు పక్కన మాకు జాగ ఉంది, ధాన్యం గోడౌన్ కడదామంటే పునాది ఎంత ఎత్తు లేపాల్నో ఎవ్వలు సరిగ చెప్తలేరు, అందుకని వీళ్లతోని వరద రిపోర్టు చేయించిన. పేరు రాస్తలేను గానీ పని మాత్రం మంచిగనే చేసిండ్రు.

మా వాగుకు నీళ్లు కొలిచే గేజీ ఎన్నడూ లేదు. అందుకే మండలంల ఏటేటా ఒక్క రోజుల పడ్డ పెద్ద వాన ఎంతనో 30 ఏండ్ల లెక్క తీసిండ్రు, దాన్ని చాన ఏండ్లకోసారి పడే పెద్ద వాన ఎంతుంటదో అంచనా కట్టే రెండు లెక్కల్ల, గంబెల్ పద్ధతిల ఒకసారి, లాగ్ పియర్సన్ టైప్ 3ల ఒకసారి వేసిండ్రు, వచ్చిన వానను సెంట్రల్ వాటర్ కమిషన్ వాళ్ల కృష్ణా-పెన్నా సబ్‌జోన్ రిపోర్టు పట్టుకొని వరద కింద మార్చిండ్రు. 25 ఏండ్లకోసారి వచ్చేటి వరద కాడ రెండు పద్ధతులూ దాదాపు ఒక్కటే, 100 ఏండ్లకు పోయేసరికి చాన తేడా. నాకు నచ్చింది గిక్కడనే, తక్కువున్న నంబర్ చూపెట్టి సంతోషపెట్టలే, ‘30 ఏండ్ల లెక్కతోని 100 ఏండ్ల మాట చెప్తున్నం, గింత అటుఇటు ఉంటది సార్’ అని గ్రాఫుల పైన ఒక గీత, కింద ఒక గీత గీసి ఇచ్చిండ్రు.

మా బామ్మర్ది ఊకుంటడా, ‘నూరేండ్లకోసారి వచ్చేదానికి ఇంత లొల్లేంది బావా’ అన్నడు. ఆఫీసుల పిలగాడు ఫోన్ల కాలిక్యులేటర్ తీసి, ఏ ఏడైనా నూటికి ఒకటి ఛాన్స్, గోడౌన్ 30 ఏండ్లు ఉంటే ఒక్కసారన్న వచ్చే ఛాన్స్ 26 శాతం అని లెక్క చేసి చూపెట్టిండు. లోను కట్టేటోనికి 26 శాతం చిన్నదేం కాదు. సైటు మీదికొచ్చి లెవల్ మిషన్ పెట్టి కరెంటు స్తంభానికి ఎర్ర పెయింటుతోని గీతలు కూడ కొట్టిండ్రు, 100 ఏండ్ల గీత నా ఛాతీ కాడికుంది, బామ్మర్ది అది చూసినంక మళ్ల మాట్లాడలే.

స్టార్ ఎందుకు కోసిన్నంటే చెరువులు. మా వాగు పైన గొలుసుకట్టు చెరువులున్నయి, ఒకటి తెగితే కిందిది తెగుతది, 1908 మూసీ వరదల 221 చెరువులు తెగినయని విశ్వేశ్వరయ్య గారే రాసిండు. వాన లెక్కల ఇదెట్ల దొరుకుతది? అడిగితే అది వేరే స్టడీ, ఫీజు వేరే అన్నరు. గీ ముక్క రిపోర్టుల ఒక్క లైనన్న రాయాలె గద! పైంగ చెప్పిన టైముకు ఇయ్యలే, అంతా ఇంగ్లిష్.

ఫీజు బేరమాడితే జర తగ్గుతది. జీఎస్టీ బిల్లు మాత్రం అడిగి తీసుకోండ్రి, బ్యాంకోళ్లు అడుగుతరు.